ఆంగ్లంలో ప్రశ్న వేయుట ఎట్లు?

తెలుగు మాతృభాషగా గల విద్యార్థులు, ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు మన కళాశాలలో ఒకే బల్లపై కూర్చుని ఆంగ్లం అభ్యసిస్తున్నారు. ఆంగ్లంలో ప్రశ్న వేయవలసి వచ్చినప్పుడు ఉభయులూ తడబడుతున్నారు. ఇది తెలివితేటల లోపం కాదు. మూడు భాషలూ ప్రశ్నను మూడు విధాలుగా నిర్మిస్తాయి.

"సలీం నిన్న వెళ్ళాడు" అనే వాక్యాన్ని తీసుకొందాం. తెలుగులో క్రియ చివర "ఆ" చేర్చి "వెళ్ళాడా?" అంటే చాలు. ఉర్దూలో మొదట "క్యా" చేర్చి "క్యా సలీం కల్ గయా?" అంటారు. రెండింటిలోనూ తక్కిన పదాలు కదలవు. ఆంగ్లంలో మాత్రం సహాయక క్రియ కర్తకు ముందు నిలవాలి. ఈ కదలిక మన భాషలలో లేనందుననే విద్యార్థి "వేర్ ఆర్ యు గోయింగ్?" అనడానికి బదులు "వేర్ యు ఆర్ గోయింగ్?" అంటాడు.

"సలీం వెంట్ యెస్టర్‌డే" అన్నప్పుడు సహాయక క్రియ కనిపించదు. అప్పుడు "డిడ్" వస్తుంది. భూతకాలాన్ని అదే వహిస్తుంది గనుక "వెంట్" తిరిగి "గో" అవుతుంది: "డిడ్ సలీం గో యెస్టర్‌డే?" "డిడ్ సలీం వెంట్?" అంటే ఒకే కాలాన్ని రెండుమార్లు చెప్పినట్లు. అయితే కర్త ఎవరని అడిగే "హూ కేమ్?" వంటి ప్రశ్నలో ఈ మార్పు ఉండదు.

ఈ నియమాలను నల్లబల్లపై ఏటేటా వ్రాస్తూనే ఉన్నాము. అయినా తప్పులు తగ్గలేదేమి? తరగతిలో ప్రశ్నించేది మేము, సమాధానం చెప్పేది విద్యార్థులు. సంవత్సరమంతా ఒక్క ప్రశ్నయినా వేయని వానికి ప్రశ్న వేయడం ఎట్లా అలవడుతుంది?

అందుచేత మేము క్రమాన్ని తారుమారు చేశాము. సమాధానం మేము చెబుతాము; ప్రశ్న విద్యార్థి వేయాలి. "ఐ కేమ్ ఆన్ మండే" అని మేమంటే, "వెన్ డిడ్ యు కమ్?" అని అతడు అడగాలి. ముందుగా ఇంటి భాషలో అడిగించి, ఏ పదం ఎక్కడికి కదలాలో చూపుతాము. మాతృభాష ఇక్కడ అడ్డంకి కాదు, ఊతకర్ర.

ఇందుకై వారానికొక గంట కేటాయించవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో, కార్యాలయంలోనో అడగవలసిన మాట నోట రాక మన విద్యార్థి మౌనం వహిస్తే, ఆ నష్టం మార్కులతో తీరేది కాదు. విద్యార్థులారా! తప్పుగానైనా అడగండి. తప్పును దిద్దవచ్చు, మౌనాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు.