ఇంటిగుట్టు – కంప్యూటరు

ఇంటిగుట్టు లంకకు చేటని మనమెఱుఁగుదుము. నేఁడు పలనాటి యిండ్లలోను ఆధారు ప్రతులు, మార్కుల పట్టికలు, బ్యాంకు లెక్కలు కంప్యూటరునందే యుండుచున్నవి. కావున దానిని నడపు ఆపరేటింగ్ సిస్టమును విచారించి యెన్నుకొనవలెను.

విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసెను. పాతయంత్రములు పెక్కింటికి విండోసు 11 సరిపడదు. అంతమాత్రమున వానిని పాఱవేయ నక్కఱలేదు. 1993లో ఆరంభమైన డెబియను లినక్సు ఉచితము. దాని సోర్సు కోడును ఎవరైనను పరీక్షింపవచ్చును గనుక, మన సమాచారమును చాటుగాఁ జేరవేయు నేర్పాటు అందు చిరకాలము దాఁగుట కష్టము. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దీని నాధారముగఁ గొనియే తెలుగు వ్యవస్థను నిర్మించిరి.

అయినను గడియ వేయని తలుపు రక్షింపదు. విండోసే కావలసినవారు సెట్టింగులలో ఐచ్ఛిక సమాచారమును పంపుట నిలుపవలెను. అవసరమని కంపెనీ యెంచినది మాత్రము పోవుచునే యుండును. డెబియను వేయువారు మొదటనే డిస్కునంతయు గూఢలిపిలో నుంచు పద్ధతిని కోరవలెను. అప్పుడు ఆపివేసిన యంత్రము దొంగలపాలైనను లోని పత్రములు వారికిఁ జిక్కవు. ఇంటిలో నొక్కొక్కరికి వేఱు ఖాతా యుండవలెను. పాస్‌వర్డు మఱచినచో పత్రములు మనకును దక్కవు. కావున దానిని కాగితముపై వ్రాసి యంత్రమునకు దూరముగ దాఁచి, పత్రముల ప్రతి నొకదానిని వేఱుగ నుంచవలెను.

గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ హక్కును మన యింట నిలుపుకొను పని యీ చిన్న యేర్పాటులతో మొదలగును.