ఉన్న కట్టతోనే ఇంకొన్నాళ్లు: టారో డెక్‌ల మోజుకు చిట్కాలు

టారో కార్డుల మీద మక్కువ ఉన్నవాళ్ల ఇళ్లలో అలమారాలో ఒక అర వాటికే పోతుంది. పిల్లుల డెక్, అడవి పూల డెక్, నల్ల అట్ట మీద బంగారు గీతల డెక్. కొన్ని ఒక్కసారి విప్పి మళ్లీ పెట్టెలో పెట్టేసినవి. అయినా ఫోన్లో ఇంకోటి కనబడితే మనసు ఆగదు. బొమ్మల మీద ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. ఇటలీలో పుట్టిన ఈ ముక్కలు దాదాపు ఆరు వందల ఏళ్లు బతికాయంటే అందుకు ఆ ఇష్టం కూడా ఒక కారణం. బాధ ఎక్కడంటే, కొనేకొద్దీ చూడటం తగ్గిపోతుంది. ఒక కట్టలోని 78 బొమ్మల్లో సగం మీద కూడా కన్ను నిదానంగా ఆనకముందే తర్వాతి పార్శిల్ గుమ్మంలోకి వస్తుంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, ఓపికగా చూసే అలవాటు పోతే తిరిగి రావడం కష్టం.

1. ఉన్నవన్నీ దింపి లెక్క రాయండి. ఒక ఆదివారం పెట్టెలన్నీ చాప మీద పరిచి, నోటుబుక్కులో ఒక్కో డెక్‌కు ఒక్కో వరుస కేటాయించండి. పేరు, కొన్న సంవత్సరం, ఆఖరిసారి ఎప్పుడు కలిపారు, ఎంత పడింది. వెబ్‌సైటులో వేసిన ధర ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. బయటి దేశం నుంచి తెప్పించి ఉంటే కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం, కార్డు మీద బ్యాంకు పట్టుకున్న రుసుము కూడా కలపాలి. ‘ఆఖరిసారి’ గడిలో ఏం రాయాలో తోచని డెక్‌లను విడిగా పెట్టండి. వాటితో తొమ్మిదో చిట్కాలో పని ఉంది.

2. ఒక ముక్క పోయిందని కట్టనే మార్చకండి. 15వ శతాబ్దంలో మిలాన్ పాలకుల కోసం చేతితో చిత్రించిన విస్కోంతి-స్ఫోర్జా కట్టలో ఇప్పుడు మిగిలినవి 74. డెవిల్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, నాణేల నైట్ లేవు. ఆ కట్టను ఇప్పుడు అచ్చు వేసేవాళ్లు ఆ నాలుగూ కొత్తగా గీయించి కలుపుతారు. మీరూ అంతే, దళసరి డ్రాయింగు కాగితాన్ని అదే కొలతకు కత్తిరించి, పోయిన ముక్కను మీ చేత్తో గీసుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గీయడానికి కూర్చుంటే ఆ కార్డులో ఏముందో వివరంగా గుర్తు చేసుకోక తప్పదు.

3. కొత్త డెక్‌లో పాత బొమ్మను పోల్చుకోండి. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1909లో లండన్‌లోని రైడర్ ప్రచురణ సంస్థ ఒక డెక్ తెచ్చింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, 78 బొమ్మలూ వేసింది పమేలా కోల్మన్ స్మిత్. అంతకు ముందు ఎక్కువ వాడుకలో ఉన్న మార్సెయ్ తరహా కట్టల్లో అంకెల ముక్కల మీద మనుషులు ఉండరు. ఐదు కప్పుల కార్డంటే ఐదు కప్పులే. పమేలా ఆ ఖాళీలోకి మనుషుల్ని తెచ్చింది. నల్లని శాలువా కప్పుకుని ఒకడు తలవంచుకు నిలబడతాడు, ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, వెనక నిండుగా ఉన్న రెండిటిని వాడు చూడడు. దూరంగా ఏరు, దాని మీద వంతెన. దుఃఖంలో ఉన్న మనిషి కన్ను ఎటు పోతుందో ఆ ఒక్క బొమ్మలో ఉంది. ఆమెకూ ముందువాళ్లు లేకపోలేదు. త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఆమె వేసిన, మూడు కత్తులు దిగిన గుండె బొమ్మ 15వ శతాబ్దం చివరి ఇటలీ కట్ట సోలా బుస్కాలోనే ఉంది, దాని ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఇప్పుడు మార్కెట్లో కనిపించే డెక్‌లలో చాలావాటికి మూలం పమేలా బొమ్మలే. శాలువా మనిషి స్థానంలో నక్క వస్తుంది, చీర కట్టుకున్న అమ్మాయి వస్తుంది, రోబో కూడా వస్తుంది. ఒలికిన మూడూ నిలిచిన రెండూ మాత్రం అలాగే ఉంటాయి. మన దేశంలో కళాకారులు పోయాక 60 ఏళ్లతో కాపీరైటు ముగుస్తుంది. పమేలా పోయింది 1951లో. అంటే 2012 నుంచి ఇక్కడ ఆ బొమ్మల్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఇన్ని డెక్‌లు వరదలా వస్తున్నాయంటే అది కూడా ఒక కారణం.

కాబట్టి కొనాలనిపించిన డెక్ తాలూకు ఐదు కప్పులు, ఎనిమిది కప్పులు, పది కత్తులు తెర మీద పెట్టుకుని, మీ దగ్గరున్న అవే ముక్కల్ని పక్కన పేర్చండి. భంగిమ అదే, వస్తువులు అవే అయితే ఆ డెక్ మీ ఇంట్లో ఉన్నట్టే. నిజంగా వేరే చూపు కావాలనుకుంటే వేరే వంశంలో వెతకండి. మార్సెయ్ తరహా ఒకటి. అలీస్టర్ క్రౌలీ చెప్పగా ఫ్రీడా హారిస్ 1938 నుంచి 1943 వరకు చిత్రించిన థోత్ ఇంకొకటి. ఆ బొమ్మలు డెక్‌గా అచ్చయింది 1969లో, అప్పటికి ఇద్దరూ లేరు. పమేలా వంశంలోది ఒకటి, ఈ రెండూ కలిపి మూడు కట్టలుంటే ఒక మనిషికి చాలని నా అభిప్రాయం.

4. రోజుకో ముక్క, ఒకే కట్ట. వరసగా 78 రోజులు, అంటే పదకొండు వారాల మీద ఒక రోజు. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒక కార్డు తీసి మూడు వాక్యాలు రాయండి. ఇందులో ఎవరు ఎటు చూస్తున్నారు? ఆకాశం ఏ రంగులో ఉంది? ఇప్పటిదాకా గమనించనిది ఏమిటి? ఇవి రాసేవరకు గైడ్‌బుక్ తెరవకండి. మూడు కార్డుల స్ప్రెడ్ వేసేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 78 ముక్కల్లోంచి మూడు వరసగా తీస్తే 4,56,456 విధాలుగా రావచ్చు, తలకిందుల కార్డుల్ని లెక్కలోకి తీసుకోకుండానే. రోజుకొకటి చొప్పున చూసుకుంటూ పోతే పన్నెండు వందల ఏళ్లు దాటుతుంది. ‘ఈ డెక్‌లో కొత్తేమీ రావట్లేదు’ అనిపించిన రోజు ఈ అంకెను తలుచుకోండి.

5. ఏ ప్రశ్న వేసిన తర్వాత కొనాలనిపించిందో రాసుకోండి. ఉద్యోగం గురించో, పెళ్లి గురించో, దూరమైన మనిషి గురించో అడుగుతాం. టవర్ పడుతుంది, లేదా ఆ మూడు కత్తులు. మళ్లీ కలుపుతాం, మళ్లీ నచ్చనిదే వస్తుంది. అప్పుడు ‘ఈ డెక్ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఇంకోటి కావాలి’ అనిపిస్తుంది. ఆ క్షణాన మనకు కావాల్సింది డెక్ కాదు, వేరే జవాబు. కార్డుల పెట్టె మారినంత మాత్రాన ఆ జవాబు మారదు. కొత్త కట్ట ఇచ్చే ఉపశమనం ఆ పెట్టె వాసన పోయేలోపే పోతుంది.

అలాంటప్పుడు ఇలా చేయండి. ప్రశ్నను ఒక చీటీ మీద తేదీ వేసి రాసి, కట్ట కిందే పెట్టండి. బయట ఏదైనా మారేవరకు, అంటే ఇంటర్వ్యూ ఫలితం వచ్చేవరకో ఆ మనిషితో నేరుగా మాట్లాడేవరకో, అదే ప్రశ్న మళ్లీ అడగకండి. ఒంట్లో బాగోలేదన్న భయమైతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పుల భయమైతే లెక్కలు తెలిసిన మనిషితో కూర్చోండి. ఒంటరితనమైతే అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేయండి. మీ మీద ప్రేమ ఉంటే వాళ్లు కార్డుల కంటే ఓపికగా వింటారు.

మన ఊళ్లలో చెట్టు నీడన చిలక జోస్యం చెప్పేవాళ్లను చూసే ఉంటారు. అంచులు నలిగి, మూలలు అరిగిన ఆ ఒక్క అట్టల బొత్తితోనే ఏళ్ల తరబడి ఎందరి ప్రశ్నలకో బదులిస్తారు. వచ్చే మనిషి మారతాడు, బొత్తి మారదు.

6. అన్‌బాక్సింగ్ వీడియోలు చూడటం మానండి. పెట్టె మూత తీసే చప్పుడు, అంచుల మీద బంగారు పూత మెరుపు కోరికను రాజేయడానికే అలా తీస్తారు. ఆ చానళ్లను మ్యూట్ చేసి, షాపింగ్ యాప్‌లో సేవ్ చేసిన బ్యాంకు కార్డును కూడా తీసేయండి. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే మనసు కొంత కుదుటపడుతుంది.

7. కంటి ఆకలికి మ్యూజియంలు ఉన్నాయి. విస్కోంతి-స్ఫోర్జా ముక్కల్లో 35 న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో, మరికొన్ని ఇటలీలోని బెర్గామోలో ఉన్నాయి. యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయంలో అంతే పాతకాలపు మరో విస్కోంతి కట్ట ముక్కలు 67 ఉన్నాయి. బంగారు రేకు నేపథ్యం మీద వేసిన ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. రాత్రి పూట షాపింగ్ యాప్ తెరవాలనిపిస్తే అవి తెరవండి. చేత్తో గీసిన ముక్కలంటే ఇష్టమున్నవాళ్లు మన గంజిఫా గురించి కూడా తెలుసుకోవాలి. గుండ్రటి ముక్కలు, దశావతార కట్టలో పది రంగులు, రంగుకు 12 చొప్పున 120. కొయ్యబొమ్మలకు పేరుపడ్డ నిర్మల్‌లో వీటినీ చిత్రించేవారు.

8. ఉన్న కట్టకు కొత్త బట్టలు కుట్టండి, కొత్తది కొన్న తృప్తి కొంత దొరుకుతుంది. పాత పట్టుచీర చెంగులోంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించి, మధ్యకు మడిచి, రెండు పక్కలా కుట్టి, పైన మూడు సెంటీమీటర్లు మడత వేసి బొందు ఎక్కించండి. మామూలు సైజు టారో కట్ట ఇందులో హాయిగా పడుతుంది. లోపల మెత్తని నూలు గుడ్డ వేస్తే జరీ గీసుకోదు. విశాఖ, మచిలీపట్నం, చెన్నై లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు మందుల డబ్బాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి సంచిలో పడేయండి. చెమ్మకు వంగిపోయిన ముక్కల్ని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువైన నిఘంటువు కింద నాలుగైదు రోజులుంచితే చాలావరకు సాపు అవుతాయి. వంగిందని పారేసి కొత్తది తెప్పించుకునేవాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

9. ఒకటి ఇవ్వనిదే ఒకటి రాకూడదు. మొదటి చిట్కాలో విడిగా పెట్టిన డెక్‌లను నేర్చుకుంటున్న వాళ్లకు ఇవ్వండి. మొదటి డెక్ కానుకగానే రావాలన్న నమ్మకం చాలామందిలో ఉంది, దానికి చరిత్రలో ఆధారం లేదు గానీ మీ డెక్‌కు మంచి ఇల్లు దొరకడానికి పనికొస్తుంది. నలుగురు స్నేహితులుంటే మూడేసి నెలలకు మార్చుకోవచ్చు.

10. ఆడండి. మేజర్ ఆర్కానా అని గౌరవంగా పిలుచుకునే 22లో ఫూల్ తప్ప మిగిలిన 21 మొదట్లో తురుపు ముక్కలే. ఇటలీలో ఈ కట్ట పుట్టింది ఆట కోసం, జోస్యానికి విరివిగా వాడటం 18వ శతాబ్దంలో మొదలైంది. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఇళ్లలో ఆడతారు. నలుగురికి తలా 18 ముక్కలు, మధ్యలో ఆరు. తురుపు ఆటలు వచ్చిన తాతయ్య ఇంట్లో ఉంటే నియమాలు ఒక సాయంత్రంలో పట్టుకుంటారు, మీ పాత కట్టకు కొత్త పని దొరుకుతుంది.

11. పిల్లలకు కథలు చెప్పండి. ఇటాలో కాల్వినో ‘ది కాజిల్ ఆఫ్ క్రాస్డ్ డెస్టినీస్’ అనే పుస్తకమంతా టారో ముక్కల్ని బల్ల మీద పరిచి, వాటి వరసలోంచి కథలు అల్లాడు. మొదటి సగానికి విస్కోంతి కట్ట, రెండో సగానికి మార్సెయ్ కట్ట. ఐదు ముక్కలు వేసి ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

12. డెక్ డబ్బుతో పుస్తకం. రేచల్ పొలాక్ ‘సెవెంటీ ఎయిట్ డిగ్రీస్ ఆఫ్ విజ్డమ్’ ఒక్కటి చదివితే పమేలా బొమ్మలున్న ఏ డెక్ అయినా మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

13. ఇవన్నీ చేశాక కూడా కావాలనిపిస్తే. నోటుబుక్కు చివరి పేజీలో డెక్ పేరు, తేదీ, అందులో మిమ్మల్ని లాగిన ఒక్క కార్డు పేరు రాయండి. మూడు నెలలయ్యాక పేజీ తిప్పి, ఆ కార్డు ఇంకా కళ్ల ముందు మెదులుతుంటే కొనండి, సంతోషంగా కొనండి. అయితే నకిలీలు వద్దు. అసలు ధరలో మూడో వంతుకు అమ్ముతున్నా, గైడ్‌బుక్ బదులు ఒక క్యూఆర్ కోడ్ చీటీ ఉన్నా అనుమానించాల్సిందే. ఆ డబ్బులో బొమ్మ వేసిన మనిషికి చిల్లిగవ్వ అందదు. 1909లో ఆ పెద్ద పనికి దక్కింది చాలా తక్కువని పమేలా స్నేహితుడికి రాసుకుంది. ఆమె పోయాక ఉన్న కొద్ది సామానూ అప్పుల కింద అమ్మేశారు. ఇవాళ బొమ్మలు వేస్తున్నవాళ్లలో చాలామంది తమ డెక్‌లను తమ సొంత వెబ్‌సైట్లలోనే అమ్ముతున్నారు. ఏడాదికి ఒకటే కొన్నా అక్కడ, పూర్తి ధరకు కొనండి.