సరకు పంపు నిర్వాహకుని బాధ్యత

గత సమావేశమున సభ్యులు మమ్ము నొక ప్రశ్న యడిగిరి. తూకమునకు గుమాస్తా యున్నాడు, లెక్కలకు కార్యదర్శి యున్నాడు. సరకు పంపుటకు వేఱొక మనుష్యునికి జీతమెందులకు? లారీవాడు తోలుకొని పోవును గదా యని పలువు రనిరి. ప్రశ్న న్యాయమైనదే. జీతము సభ్యుల సొమ్మునుండియే పోవలెను గనుక సమాధానము చెప్పుట మా విధి.

ఈ యుద్యోగిని పెద్ద వ్యాపారస్థులు లాజిస్టిక్సు మేనేజరని పిలుతురు. పేరు క్రొత్తదైనను పని మన కెఱుకయే. తోటలో కాయ కోసినది మొదలు కొనుగోలుదారుడు సరిచూచి రసీదుమీద సంతకము చేయువఱకు, సరకెచ్చట నున్నది, ఎవరి చేతిలో నున్నది, ఏ గంట కెచ్చటికి చేరును అను మూడింటికిని జవాబుదారి యతడు. లారీ మాట్లాడుట యందొక చిన్న భాగము.

2020వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అనంతపురమునుండి ఢిల్లీలోని ఆదర్శనగర్ స్టేషనునకు కిసాన్ రైలు బయలుదేరెను. దక్షిణదేశమునుండి పోయిన కిసాన్ రైళ్లలో నదియే మొదటిది. టమాటా, అరటి, చీనీ, బొప్పాయి మొదలగునవి 332 టన్నులు అందు పోయినవి. పత్రికలు రైలునుగూర్చి వ్రాసినవి. రైలు కదలుటకు ముందు జరుగవలసిన పనిని సభ్యు లాలోచింపవలెను. అంత సరకు ఒక్క తోటది కాదు. లారీకి పది టన్నుల చొప్పున లెక్కించినను ముప్పదిమూడు లారీలకు పైబడిన బరువు. అదంతయు రైలు వేళకు స్టేషనునకు చేరవలెను. మిక్కిలి ముందుగా వచ్చినది ఎండకు వాడును. ఆలసించినది రైలు తప్పును. కాబట్టి ఏ తోటలో ఏ పూట కోయవలెనో నిర్ణయించుట గూడ ఈ నిర్వాహకుని పనియే. ఆదర్శనగర్ స్టేషను ఆజాద్‌పూర్ మండీకి దగ్గఱనే యున్నది. అయినను అచ్చట బండ్లు, కూలీలు సిద్ధముగా లేనిచో, రైలు మిగిల్చిన గంటలు ప్లాటుఫారముమీదనే హరించిపోవును.

కోసిన కాయయు ఊపిరి తీయుచునే యుండును. వేడి 10 డిగ్రీలు హెచ్చినచో ఆ వేగము రెండు మూడు రెట్లగును. కాయ అంత త్వరగా చెడును. పండిన మామిడి, అరటి ఎథిలీన్ అను వాయువును విడుచును. అది ప్రక్కనున్న పచ్చికాయలను గూడ పండించును. కావున పండినవానిని పచ్చివానితో కలిపి యెక్కింపరాదు. పై పెట్టె బరువును క్రింది పెట్టె మోయవలెను గాని క్రింది పండు మోయరాదు. ఈ మాట హమాలీల కందఱకును తెలియును. చీకటిపడి తొందరపడునప్పుడు ప్రక్కన నిలుచువా డుండినగాని ఆచరణకు రాదు.

కిరాయి విషయమున మన పొరపాటొకటి కలదు. పది టన్నుల బండికి 2,000 రూపాయలు తగ్గెనని సంతోషింతుము. ఆ బండి ఆలసించి ఒక టన్ను క్రుళ్లెననుకొందము. కిలో 20 రూపాయల చొప్పున 20,000 రూపాయలు పోయినట్లే. నిర్వాహకుడు లారీ యజమానికి బంధువు కారాదు. ఇది చెప్పుటకు మాకు మొగమోటము లేదు.

కాగితముల సంగతి మాకు అనుభవపూర్వకముగా తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట మేమొక లారీ మామిడి పంపితిమి. మార్గమున బండి చెడి రెండు దినములు నిలిచెను. సరకు చేరినపిమ్మటగాని ఆ సంగతి మాకు తెలియలేదు. సగము క్రుళ్లెను. దిగుమతి సమయమున ఎంత చెడెనో రసీదుమీద వ్రాయించువాడు లేడు. రవాణాదారునికి నోటీసు కార్యదర్శి యిచ్చునని గుమాస్తాయు, గుమాస్తా యిచ్చునని కార్యదర్శియు ఊరకుండిరి. నష్టము సభ్యులమీద పడెను.

రోడ్డు రవాణాకు సంబంధించిన 2007 సంవత్సరపు చట్టము ప్రకారము, సరకు బుక్కుచేసిన తేదీనుండి 180 దినములలో వ్రాతమూలకముగా నోటీసు ఇయ్యనిచో దావా చెల్లదు. రైలు సరకునకు 1989 సంవత్సరపు చట్టము ఆఱు మాసముల గడువు విధించినది. సరకు విలువను ముందుగా ప్రకటింపనిచో పరిహారము మిక్కిలి తగ్గిపోవచ్చును. ఈ తేదీలను వ్రాసియుంచుకొను బాధ్యత ఒక్కని పేర నుండవలెను; ఇద్దఱి పేర నున్న ఫలమును మేము చూచితిమి.

మా సూచన యిది. రాబోవు మామిడి కాలమునకు మాత్రము ఒకని నియమింతము. అతని జీతమును, ఆ కాలమున దారిలో చెడిన సరకు విలువను ఒకే పుటలో వ్రాసి, ఈ పత్రికలో ప్రకటింతుము. కొనసాగింపవలెనా, మానవలెనా యనునది అప్పుడు సభ్యులే తేల్చవచ్చును.