గోళకీ మఠం, వీరశైవ పీఠం: ఒకటి అంతరించింది, ఒకటి నిలిచింది

నేటి ఖిలా వరంగల్ రాజధానిగా ఏలిన కాకతి గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యులు శైవ సంప్రదాయానికి చెందిన గోళకీ మఠాచార్యుడు. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని వెలగపూడితో కలిపి ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ గురువుకు ధారపోసింది. ఆ ఆదాయంతో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల నడిచాయి. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. రాజాదరణ తెగి, గోళకీ శాఖ క్షీణించింది.

దీనికి భిన్నంగా, వీరశైవానికి ఆధారం రాజు కాదు, గృహస్థు. జంగమ గురువులు ఇంటింటా లింగధారణ చేయించారు. వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడు జానుతెనుగు ద్విపదలో భక్తుల కథలు చెప్పాడు. రాజ్యాలు మారినా శిష్య కుటుంబాలు చెదరలేదు. వీరశైవ పంచపీఠాల్లో ఒకటైన శ్రీశైల పీఠం నేటికీ కొనసాగుతోంది.