డప్పుకి నిజం తెలీదు

డ్రోహెడా, ఐర్లండ్,
నవంబరు 9, 2025

చిరంజీవి హారికకు,

మీ అక్కకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు, మనవడికి దగ్గు, నాకు చలి.

నువ్వు పంపిన రికార్డింగు నాలుగుసార్లు విన్నాను. మే 7న హైదరాబాదులో మాక్ డ్రిల్ సైరన్లు మోగినప్పుడు నీకు పుట్టిన దడలోంచే ఇది వచ్చిందన్నావు. రెండు డప్పులు, మృదంగం, ఘటం, చివర సైరను. చేయి బాగుంది. కానీ తల్లీ, పన్నెండు నిమిషాలూ మోతే. మొదటి నిమిషంలో ఉలిక్కిపడ్డాను. మూడో నిమిషానికి అలవాటైపోయింది. ఏడో నిమిషంలో లేచి టీ పెట్టుకున్నాను.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, మేం విశాఖలో ఉన్నాం. నాకు ఎనిమిదేళ్లు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక్క పెద్ద పేలుడు. ఆ శబ్దం ఎలా ఉందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. దాని తర్వాతది మాత్రం చెవిలోనే ఉంది. మంచం మీద లేచి కూర్చున్న అమ్మ గాజులు ఒక్కసారి గల్లుమని ఆగిపోయాయి. ఇంకోటి పడుతుందేమోనని అందరం ఎదురుచూశాం. పడలేదు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని తర్వాత తెలిసింది. మనవాళ్లు వేసిన డెప్త్ చార్జీలకి మునిగిందా, లోపల దానంతటదే పేలిందా అన్నది ఇప్పటికీ రెండు దేశాల మధ్య వాదనే. అంటే ఆ రాత్రి దేన్ని విని వణికామో మాకే తెలీదు. నువ్వు ఆ గాజుల దగ్గర మొదలుపెట్టు.

సంగీతంలో సైరను తప్పని కాదు. ఎడ్గార్ వరేజ్ అనే స్వరకర్త 1931లో పూర్తిచేసిన ‘అయనైజేషన్’లో పదమూడు మంది వాద్యకారులు, రెండు సైరన్లు. నా చెవికి అందులో సైరను హెచ్చరికలా కాదు, మన జారు గమకంలా వినిపిస్తుంది. నీ సైరను మాత్రం ‘పరిగెత్తండి’ అంటోంది, అంతే. వీలైతే హైడన్ కూడా విను. 1796లో ఫ్రెంచి సైన్యం ఆస్ట్రియా మీదికి వస్తుంటే ఒక చర్చి ప్రార్థనకి సంగీతం కట్టాడు. చివరి భాగంలో పాట కింద టింపనీలు మెల్లగా మోగుతాయి, దూరాన ఎవరో నడిచి వస్తున్నట్టు. అంత మెల్లగా కొట్టినందుకే ఒళ్లు జలదరిస్తుంది.

భయమంటే ఇంకో సంగతి. నేను ఉదయం నడకకి వెళ్లే దారిలో సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. లోపల అద్దాల మందసంలో ఒక మనిషి తల ఉంటుంది. ఆలివర్ ప్లంకెట్ అనే ఆర్చిబిషప్పుది. 1678లో లండన్‌లో టైటస్ ఓట్స్ అనేవాడు రాజుని చంపడానికి కాథలిక్కులు కుట్ర పన్నారని పుకారు లేపాడు. దేశానికి ముప్పన్నారు. ఊళ్లన్నీ అట్టుడికాయి. ఫ్రెంచి సైన్యాన్ని దించబోతున్నాడని 1681లో ఈయన్ని ఉరితీశారు. కుట్రే లేదు. 1975లో సెయింటుని చేశారు. మొదటిసారి ఆ తలని చూసినప్పుడు నాకు భయం వేసింది. ఇప్పుడు దాని ఎదురుగా నిలబడితే లండన్ వీధుల్లోని జనమే గుర్తొస్తారు. కుట్ర అబద్ధం, వాళ్ల వణుకు మాత్రం నిజం.

మొన్న హాలోవీన్ రాత్రి ఇదే ఊళ్లో, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు ఉండే భవనానికి ఎవరో నిప్పుపెట్టారు. పైన చిక్కుకున్న పిల్లల్ని అగ్నిమాపక సిబ్బంది దించారు. ఆ రాత్రి ఊరంతా టపాకాయల మోతే. మన దీపావళిలాగే ఉందని నేను కిటికీ దగ్గర నిలబడి మనవడికి చూపిస్తున్నాను! తెల్లారి తెలిసింది. బయటివాళ్లు వస్తే మన ఊరికి ప్రమాదమని కొంతకాలంగా వినబడుతున్న దండోరాకి అదొక దరువు.

అందుకే అడుగుతున్నాను. నీ రచనలో కర్ర ఎవరి చేతిలో ఉంది? చాటింపు వేసేవాడి చేతిలోనా, వినేవాడి చేతిలోనా? వరదొచ్చినా, వేలంపాటైనా ఊళ్లో మోగింది ఒకే డప్పు. పెద్దల ఆజ్ఞలు చాటిన ఆ డప్పునే 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమంతో మాదిగలు తమ మాట కోసం ఎత్తుకున్నారు. ఇక్కడా అంతే. ఊరి పక్కన బాయిన్ నది ఒడ్డున 1690లో జరిగిన యుద్ధం పేరున ఉత్తర ఐర్లండులో ఏటా జులైలో లాంబెగ్ అనే పెద్ద మేకతోలు డోళ్లు మోగిస్తారు. అది ఒక వీధికి పండగ, పక్క వీధికి తలుపులేసుకోమన్న కబురు. పబ్బుల్లో పాటకి వాయించే బౌరాన్ డప్పుదీ మేకతోలే.

ఇక చేతిపని. చివరి సైరను తీసెయ్యి. మిశ్రచాపు నాలుగు ఆవర్తాలు నిలకడగా నడిపి, అయిదోదాంట్లో ఒక్క అక్షరం మింగెయ్యి. సమం ఎక్కడ పడిందో వినేవాళ్లు వెతుక్కోవాలి. రెండు డప్పుల్లో ఒకదాన్నే కాపు, రెండోది చల్లగా వదిలెయ్యి. ఒకటి ఖణేల్‌మంటుంటే ఇంకోటి బొదబొదమంటుంది. ఏది నిజం చెబుతోందో తేలదు. ఇక్కడి తేమకి నా డప్పు ఎప్పుడూ ఆ రెండో రకమే. మీ అక్క హెయిర్ డ్రయర్‌తో నేను దాన్ని కాపుతుంటే రోజూ ఆమె చేత తిట్లు.

సంక్రాంతికి వస్తున్నాను. అటక మీద నా పాత డప్పుంది, మీ నాన్నతో దింపించు. ఎలుకలు కొట్టకపోతే ఆ చల్లటి డప్పు నేనే వాయిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న