నతనయేలు సందేహము

పాఠభాగము: యోహాను 1:43–51

నతనయేలు కపటము లేనివాడని ప్రభువే సాక్ష్యమిచ్చెను. అట్టివాని నోటనుండియే నజరేతును గూర్చి చులకన మాట వచ్చుట గమనింపదగినది. అతని ఊరు కానా అని 21వ అధ్యాయములో చదువుచున్నాము. కానాయు నజరేతును గలిలయలోని ఇరుగుపొరుగు ఊళ్లు. పొరుగూరివారి గుణము మనకు తెలిసినట్లు మరెవరికిని తెలియదనుకొందుము గదా! తెలిసినదేమని వెదకినచో అది తాతలనాటి మాటయే. ఫిలిప్పు అతనితో వాదింపలేదు. వచ్చి చూడుమని మాత్రమే చెప్పెను.

తెలుగుదేశములో నజరేతువలె పేరు మోసిన ఊరు బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము. నేరస్థ జాతుల చట్టము 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వచ్చెను. ఒకడు దొంగిలించెనా లేదా అను విచారణ లేకయే, ఫలాని కులమున పుట్టినందుననే అతని పేరు పోలీసు పట్టీ కెక్కుచుండెను. ఎరుకలవారిని అట్లు వ్రాసి, ఆ దశాబ్దములోనే ఈ ఊరిని కట్టించి, రక్షణ సైన్యము వారి చేతికప్పగించిరి. చట్టము 1952లో దేశమంతట రద్దాయెను. పేరు మాత్రము రద్దు కాలేదు. 1991లోను 2023లోను ఆ ఊరి దొంగతనములపై సినిమాలు వచ్చినవి. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగమునకు వెళ్లి ఊరి పేరు చెప్పునప్పుడు అతని గుండె యెట్లు కొట్టుకొనునో తలంచుడి.

1970 దశకములో అక్కడి కుటుంబముల మధ్యకు వెళ్లి పనిచేసిన వారిలో ముఖ్యురాలు హేమలతా లవణం గారు. ఆమె మన జాషువా కవిగారి కుమార్తె. మెట్టినది నిరీశ్వరవాదుల యిల్లు. మంచి సమరయుని కథను మనము మరల చదువుకొనవలసియున్నది.

ఇతరుల తలంపు మన చేతులనుకూడ కట్టివేయును. ఉత్తర ప్రదేశ్ పల్లెలలో బాలురకు చిక్కుదారుల పటములిచ్చి దారి కనుగొనుమనిన ఇద్దరు పరిశోధకులు 2006లో తమ ఫలితములు ప్రకటించిరి. కులము చెప్పనప్పుడు అగ్రకులముల పిల్లలును దళితుల పిల్లలును ఇంచుమించు సమముగా చేసిరి. పేరు, తండ్రి పేరు, కులము అందరియెదుట చదివినప్పుడు దళిత బాలురు వెనుకబడిరి. పటములు మారలేదు, బుద్ధియు మారలేదు.

మన పల్లె సంఘములలో పెరిగి హైటెక్ సిటీ పనులకు పోయిన పిల్లలు పలువురు ప్రగతి నగర్‌లో కాపురమున్నారు. అద్దెయింటికై పోయినచో ఏ జిల్లా, ఇంటిపేరేమి, మాంసము వండుదురా అను ప్రశ్నలు వచ్చుచున్నవని వ్రాయుచున్నారు. జవాబులను బట్టి అద్దె పెరుగును, లేదా ఇల్లు ఖాళీ లేదందురు. దీనికి మనము నొచ్చుకొందుము, న్యాయమే. అయితే కోస్తావారు గడుసువారని, తెలంగాణవారు మోటువారని మన బిడ్డలే అనుకొనుట విన్నాము. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టె తిని, పెండ్లి మాట రాగానే మాల యని మాదిగ యని విడిపోవు సంఘములను మీరెరుగుదురు.

మనసు మారువరకు ఆగుదమా? యెరూషలేము సంఘము ఆగలేదు. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు దినపంపిణీలో అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టగా, ఏడుగురిని ఏర్పరచిరి. ఆ పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. నొచ్చినవారి పక్షమువారికే గరిటె నిచ్చిరి! పబ్లిక్ పరీక్షల జవాబు పత్రములు పేరు కనబడనీయక దిద్దించుటయు ఇట్టి యేర్పాటే. దిద్దువారు దుర్మార్గులని కాదు, కన్ను బలహీనమైనదని.

కలిసి మెలగినచో దురభిప్రాయము తగ్గునని తరచుగా చెప్పుదురు. ఆల్‌పోర్టు అను అమెరికా పండితుడు 1954లో వ్రాసిన గ్రంథములో దానికి షరతులు చూపెను: సమానస్థానము కావలెను, ఒకే పనికై చేయి కలుపవలెను, పెద్దల మద్దతు ఉండవలెను. ఒకనిని పాలేరుగా మాత్రమే ఎరిగి ఇరువదియేండ్లు ఒకే వాకిట నున్నను తలంపు మారదు. పెద్దల మద్దతు లేనిచో ఏమగునో గలతీ 2లో నున్నది. కొర్నేలీ యింట అడుగుపెట్టిన పేతురే, అంతియొకయలో అన్యజనులతో భుజించుచుండి, యాకోబు నొద్దనుండి కొందరు రాగానే పంక్తి విడిచి లేచెను. పౌలు అతనిని అందరియెదుటనే గద్దించెను.

కోతపండుగ భోజనములకు వడ్డించువారి పట్టీ వ్రాయునప్పుడు సంఘ పెద్దలు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తెరిచి దగ్గర నుంచుకొందురు గాక.