జియోపాలిమర్ లెక్క: బూడిద చవకే, సిలికేటు కాదు

హైదరాబాదు: బొగ్గు బూడిద ఇటుక రహమత్ నగర్ వంటి పేటలకు కొత్త సరుకేమీ కాదు. గుట్ట వాలు మీద, ఇరుకు సందులలో అంతస్తు మీద అంతస్తుగా లేచే ఇళ్లకు ఎర్ర ఇటుకతో పాటు అదీ దిగుతూనే వున్నది. కాగా ‘జియోపాలిమర్’ పేరుతో వచ్చే దిమ్మెలు, ఫుట్‌పాత్ బిళ్లలు కూడా బూడిద సరుకే అయినప్పటికీ, వాటి ఖర్చు లెక్క పూర్తిగా వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి ముందస్తు ఆర్డర్లు ఒప్పుకొన్న వర్తకుడు చేతి సొమ్ము పోగొట్టుకొనే ప్రమాదం వున్నది.

మామూలు బూడిద ఇటుకను గట్టిపరచేది సున్నమో, సిమెంటో. విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ సంస్థకు చెందిన డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్‌లు రూపొందించిన ‘ఫాల్-జి’ పద్ధతిలో బూడిదకు సున్నం, జిప్సం కలుపుతారు. బట్టీ అక్కరలేదు, నీటితో తడిపితే చాలు. జియోపాలిమర్‌లో ఆ పని చేసేది కాస్టిక్ సోడా, సోడియం సిలికేటు కలిపిన ద్రావణం. ఈ క్షారం బూడిదలోని సిలికాను, అల్యూమినాను కరిగించగా, అవి తిరిగి గొలుసుకట్టుగా అల్లుకొని రాయిలా బిగుస్తాయి. 1950లలో కీవ్ నగరంలో గ్లుఖోవ్‌స్కీ ఇటువంటి క్షార బంధకాలపై పని చేశారు. జియోపాలిమర్ అన్న పేరు 1970లలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ దావిదొవిట్స్ పెట్టినది.

ఇక వర్తకులకు కావలసిన లెక్క. ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడిన పాళ్లలో ఒకదాని ప్రకారం ఒక ఘనమీటరు కాంక్రీటుకు కంకర, ఇసుక గాక బూడిద 408 కిలోలు, సిలికేటు ద్రవం 103 కిలోలు, కాస్టిక్ ద్రావణం 41 కిలోలు పడుతుంది. 8 మోలార్ గాఢతలో ఆ 41 కిలోలలో అసలు కాస్టిక్ 11 కిలోలకు మించదు. అంటే కాస్టిక్ ధర టన్నుకు 1,000 రూపాయలు పెరిగినా ఘనమీటరు మీద పడేది 11 రూపాయలే. సిలికేటు అంతే పెరిగితే 103 రూపాయలు పడుతుంది. బూడిద టన్నుకు 100 రూపాయలు పెరిగితే 41 రూపాయలు. ఘనమీటరుకు 8 బస్తాల సిమెంటు వాడే కాంక్రీటుతో పోల్చితే, సిలికేటులో ఈ పెరుగుదల సిమెంటు బస్తాకు 13 రూపాయలు పెరిగినదానితో సమానం.

కనుక ఈ సరుకులో దిగదలచినవారు కాస్టిక్ ధారణ కన్నా సిలికేటు ధారణను ఎక్కువగా కనిపెట్టి వుండాలి. సిలికేటును సాధారణంగా ఇసుక, సోడా యాష్ కలిపి కరిగించి తయారుచేస్తారు గనుక సోడా యాష్ మార్కెట్టు కదలికలు ఇక్కడికీ వస్తాయి. మరొక సంగతి: పై పాళ్లలో వాడిన సిలికేటులో నూటికి దాదాపు 56 వంతులు నీరే! ఘన పదార్థం ఎంత శాతమో, సిలికాకు సోడాకు నిష్పత్తి ఎంతో రాయించుకోకుండా డ్రమ్ము చవకగా వచ్చిందని కొనడం నీళ్లకు ధర కట్టడమే. కాస్టిక్ విషయంలో రాష్ట్రాలకు కొరత వుండనక్కరలేదు. కర్నూలు, కొవ్వూరు, సగ్గొండలలో ఫ్యాక్టరీలున్నవి. కాని ఉప్పు నీటి నుంచి టన్ను క్లోరిను తీస్తే సుమారు 1.1 టన్ను కాస్టిక్ వస్తుంది. క్లోరినుకు గిరాకీ తగ్గితే ఫ్యాక్టరీ నడక తగ్గి కాస్టిక్ బిగుస్తుంది. రేకుల కాస్టిక్ సంచి విప్పి వుంచితే గాలిలోని తేమను పీల్చి చెడుతుందన్నది తెలిసిన విషయమే.

బూడిదకు కొదువ లేదు. రామగుండం, కొత్తగూడెం కేంద్రాలు రెండూ నగరానికి 300 కిలోమీటర్ల లోపే. వాడకానికి పోని బూడిదపై టన్నుకు 1,000 రూపాయల వంతున పరిహారం చెల్లించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషను విధించింది గనుక వదిలించుకొనే తొందర విద్యుత్ కేంద్రాలదే. అయితే చెరువు నుంచి తోడిన తడి బూడిద ముతక సరుకు, దీనికి అంతగా పనికిరాదు. పొగగొట్టానికి ముందు పట్టిన పొడి బూడిదే కావాలి. ఐ.ఎస్. 3812 మొదటి భాగం ప్రకారం 45 మైక్రాన్ల జల్లెడపై నూటికి 34 వంతులకు మించి నిలవరాదు, మండకుండా మిగిలిన బొగ్గు వగైరాల నష్టం 5 శాతం దాటరాదు.

కాస్టిక్ చర్మాన్ని కాలుస్తుంది. పైగా సున్నం తక్కువగా వున్న బూడిదతో చేసిన సరుకును 60 డిగ్రీల వేడిలో ఒక రోజు వుంచవలసి వుంటుంది. సందులో కూలీల చేత కలిపించే పని కాదిది. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి చిట్టెం పొడి కలిపితే మామూలు ఎండకే బిగుస్తుంది గాని, ఆ చిట్టెం ధరను లెక్కలో చేర్చుకోవాలి. అందుకే ఫ్యాక్టరీలో పోతపోసిన దిమ్మెలకే ఇది అనువు. 2020లో వెలువడిన ఐ.ఎస్. 17452 మార్గదర్శకాలు కూడా అటువంటి పోత సరుకుకు సంబంధించినవే. ఎన్.టి.పి.సి. బూడిదతో చేసిన జియోపాలిమర్ కంకరను పరీక్షించినది హైదరాబాదులోని జాతీయ సిమెంటు మండలి ప్రయోగశాల. పెద్ద ఎత్తున వాడకం లేకపోలేదు: ఆస్ట్రేలియాలోని వెల్‌క్యాంప్ విమానాశ్రయంలో 2014 నాటికి సుమారు 40,000 ఘనమీటర్లు పోశారు, అందులో బూడిదతో పాటు చిట్టెమూ వున్నది.

కొనుగోలుదారు నుంచి ఫిర్యాదు వస్తే అది చాలావరకు తెల్ల పూత గురించే వస్తుంది. క్షారం పాలు ఎక్కువైతే మిగిలిన సోడా తేమతో పైకి వచ్చి బిళ్ల మీద ఉప్పులా పేరుకొంటుంది. వాలు నేలలో, మురుగు తడి తగిలే మెట్ల దగ్గర ఇది త్వరగా బయటపడుతుంది. లోడు దించుకొనే ముందు నాలుగు బిళ్లలను పళ్లెంలో ఒక అంగుళం శుద్ధమైన నీటిలో నిలబెట్టి, నీరు ఆరాక మరొకసారి పోసి ఆరనిస్తే సరుకు సంగతి తెలిసిపోతుంది. పరీక్షకు కొన్ని రోజులు పడుతుంది గనుక, ఆ గడువును బేరంలోనే మాట్లాడుకోవలసి వుంటుంది.